పై చేల వరద మీ చేలోకి ఎంత వస్తుంది? కంప్యూటర్‌లో లెక్క కట్టే పద్ధతి

విశాఖ దగ్గరి ఆనందపురం, పద్మనాభం, భీమిలి మండలాల రైతులూ, ఆ వైపు కొత్తగా తోటలు కొన్నవారూ మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటుంది. "మా చేనుకు ఎగువన మరొకరి చేను ఉంది. గట్టి వాన పడితే అక్కడి నీరంతా మా మీదికి దిగుతుంది. ఎన్ని అడుగుల కాలువ తవ్వాలి?" ఎన్ని అడుగులో చెప్పాలంటే ముందు ఎంత నీరు వస్తుందో తెలియాలి. అంచనాతో తవ్విన కాలువ చిన్నదైతే మొదటి వాయుగుండానికే గట్టు తెగుతుంది. పెద్దదైతే సాగు భూమి పోతుంది, పైగా మీ దిగువ రైతు మీదికి ఒక్కసారిగా వరద తోసినట్లవుతుంది.

ఈ లెక్కకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. దాన్ని మన నేలకూ మన వానకూ ఎలా వాడాలో అడుగడుగునా చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఎగువ భూమి మీద పడి, నిర్దిష్టమైన కాలువ లేకుండా సహజంగా పల్లానికి పారే నీటిని దిగువ భూమి యజమాని పారనివ్వాలన్నది 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఏడో సెక్షన్‌లో ఉదాహరణగానే ఉంది. కాబట్టి ఎత్తుగా గట్టు పోసి నీటిని వెనక్కి తన్నడం పరిష్కారం కాదు. వచ్చే నీటికి మీ చేలో ఒక దారి చూపాలి. ఆ దారి ఎక్కడ, ఎంత వెడల్పు అన్నదే ఈ లెక్క ఉద్దేశం.

ఏమేం కావాలి

విండోస్ ఉన్న ల్యాప్‌టాప్. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఉచితంగా ఇచ్చే ఎస్‌డబ్ల్యూఎంఎం అనే సాఫ్ట్‌వేర్. వాడేవాళ్ళంతా దాన్ని స్విమ్ అంటారు, నేనూ అలాగే రాస్తాను. పట్టణాల మురుగు, వాననీటి కాలువల కోసం 1971లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ చేల లెక్కకూ బాగా పనిచేస్తుంది. పటాల కోసం క్యూజీఐఎస్, ఇదీ ఉచితమే. మీ సర్వే నంబరుకూ ఎగువ సర్వే నంబర్లకూ ఎఫ్‌ఎంబీ నకళ్ళు, అంటే సర్వేవారు చేల హద్దులు కొలిచి గీసిన పటాలు. యాభై మీటర్ల టేపు, మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్. అద్దెకు ఆటో లెవెల్, దాన్ని చూసే మనిషి దొరికితే మరీ మంచిది. నిటారు అంచులున్న డబ్బా, ఒక స్కేలు: ఇవే మీ వానమాపకం. వీటన్నిటికంటే ముఖ్యంగా, వాన పడుతున్నప్పుడు చేలో తిరగడానికి ఒక పూట సమయం.

కంప్యూటర్ లేనివారు నాలుగో అడుగులోని కాగితం లెక్కతో సరిపెట్టుకోవచ్చు. చిన్న కాలువకు అది చాలు. ఎగువన కొండ మొత్తం ఉండి వందల ఎకరాల నీరు దిగేచోట మాత్రం స్విమ్ కంటే అమెరికా సైనిక ఇంజినీర్ల హెచ్‌ఈసీ-హెచ్‌ఎంఎస్ నయం. అదీ ఉచితమే.

1. వానలో నడవండి

చాలామంది ఈ అడుగు దాటేసి నేరుగా కంప్యూటర్ ముందు కూర్చుంటారు. నమూనాలు తప్పడానికి నేను చూసిన అతి పెద్ద కారణం ఇదే.

ఎగువ రైతుకు చెప్పి, ఆయన చేలోనూ నడవండి. నీరు ఏ గట్టు వెంట పోతోంది, ఎక్కడ గండి ఉంది, బండి బాట కాలువలా మారిందా, పొలాల మధ్య పాత గెడ్డ (వాగు) ఏదైనా పూడిపోయిందా చూడండి. లొకేషన్ ఆన్ చేసి ఫోనులో ఫొటో తీస్తే సమయం, చోటు రెండూ నమోదవుతాయి. మీ సరిహద్దు దాటి నీరు లోపలికి వచ్చే ప్రతి చోటా ఒక కర్ర పాతండి. ఎక్కువ చేలల్లో అలాంటి చోట్లు రెండో మూడో ఉంటాయి. మొత్తం గట్టు పొడవునా సమంగా నీరు రావడం అరుదు.

హెచ్చరిక: పారుతున్న గెడ్డలోకి దిగకండి. మోకాలి లోతు నీరైనా వేగంగా ఉంటే మనిషిని పడదోస్తుంది. ఉరుములున్నప్పుడు చేలో ఉండకండి.

2. నీరు ఎంత మేర నుంచి వస్తుందో గీయండి

మీ మీదికి వచ్చే నీరు పక్క చేనుది మాత్రమే అనుకోవద్దు. దాని పైన జీడితోట, ఆ పైన సరుగుడు, ఆ పైన కొండవాలు ఉండవచ్చు. నీటి విభజన రేఖ దాకా అంతా మీ లెక్కలోకి వస్తుంది.

క్యూజీఐఎస్‌లో ఎత్తుల పటం తెరవండి. ఇస్రో భువన్ పోర్టల్‌లో కార్టోడెమ్, లేదా యూరప్ వారి కోపర్నికస్ 30 మీటర్ల పటం ఉచితంగా దొరుకుతాయి. పటాన్ని యూటీఎం 44 ఉత్తర మండలానికి, అంటే ఈపీఎస్‌జీ 32644కు మార్చండి. విశాఖ ఈ మండలంలోనే ఉంది. ఈ మార్పు చేయకపోతే పొడవులు మీటర్లలో కాక డిగ్రీల్లో వస్తాయి.

ఇక్కడొక పరిమితి గుర్తుంచుకోవాలి. 30 మీటర్ల పటంలో ఒక్కో గడి 900 చదరపు మీటర్లు, అంటే సుమారు 22 సెంట్లు. అందులో అడుగున్నర ఎత్తు గట్టు కనిపించదు, గండి అసలే కనిపించదు. పైగా ఆ ఎత్తుల్లో మీటర్ల తేడా ఉండవచ్చు. కొండ నుంచి వాలు ఎటు ఉందో తెలుసుకోవడానికి ఆ పటం చాలు. చేల సరిహద్దులో నీరు ఎటు తిరుగుతుందో మాత్రం మీరు నడిచి చూసినదే ప్రమాణం. పటం ఒకటి చెప్పి, మీ ఫొటో ఇంకొకటి చెబితే ఫొటోనే నమ్మండి.

తర్వాత ఎఫ్‌ఎంబీ గీతల మీద పరీవాహక భాగాలు గీయండి. పంటను బట్టి, వాలును బట్టి, నీరు ఏ గండి వైపు పోతుందో దాన్ని బట్టి విడగొట్టండి. మూడు నుంచి ఆరు భాగాలు చాలు. ఇరవై భాగాలు చేసినంత మాత్రాన లెక్క మెరుగుపడదు, పొరపాట్లకు చోటు మాత్రం పెరుగుతుంది.

3. వాలూ నేలా కొలవండి

ప్రతి భాగంలో పై అంచు నుంచి గండి వరకు ట్యూబ్ లెవెల్‌తో మట్టం తేడా తీసుకోండి. గొట్టంలో గాలి బుడగలు లేకుండా చూసుకోండి. 150 మీటర్ల పొడవులో నాలుగున్నర మీటర్లు దిగితే వాలు 3 శాతం.

నేల సంగతి. ఈ ప్రాంతంలో ఎక్కువగా ఎర్ర నేలలు. పైన ఇసుక గరపగా ఉన్నా, అడుగు కింద బంకపాలు ఎక్కువ ఉన్న పొర తగిలితే నీరు అక్కడే ఆగిపోతుంది. అందుకే పైన ఇసుక కనిపించగానే "మా నేల నీరు తాగేస్తుంది" అని నిర్ణయానికి రావద్దు. అడుగు వెడల్పున్న పీవీసీ గొట్టం ముక్కను నాలుగు అంగుళాలు నేలలోకి దించి, నీరు పోసి, గంటకు ఎన్ని మిల్లీమీటర్లు ఇంకుతుందో చూడండి. మొదటి పోత లెక్కలోకి తీసుకోకండి. నేల బాగా తడిశాక వచ్చే అంకే పనికొస్తుంది. దున్నిన చోట ఒకసారి, ట్రాక్టరు తిరిగి గట్టిపడిన చోట ఒకసారి చేస్తే రెండింటికీ ఎంత తేడా ఉంటుందో మీకే తెలుస్తుంది.

4. కాగితం మీద ముందు లెక్క వేయండి

సాఫ్ట్‌వేర్ ఏ అంకె ఇచ్చినా పోల్చుకోవడానికి చేతిలో మరో అంకె ఉండాలి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే 4,047 లీటర్లు. దీన్నిబట్టి ఒక ఉదాహరణ చేద్దాం.

ఎగువన 6 ఎకరాల మెట్ట చేను. అంటే 2.43 హెక్టార్లు. మూడు గంటల్లో 100 మిల్లీమీటర్ల వాన. పడిన నీరు మొత్తం 2,428 ఘనపు మీటర్లు. ఎంత ఇంకుతుంది, ఎంత పారుతుంది అన్నది కర్వ్ నంబరు చెబుతుంది. మధ్యస్థంగా ఇంకే నేలలో, వాలు వెంబడి సాళ్ళు తోలిన పంటకు ప్రామాణిక పట్టికలో ఆ నంబరు 81. 25,400ను 81తో భాగించి 254 తీసేస్తే 59.6 వస్తుంది, నేల పట్టుకోగల నీరు మిల్లీమీటర్లలో ఇదీ. అందులో ఐదో వంతు, అంటే సుమారు 12 మిల్లీమీటర్లు, పారకం మొదలవకముందే పోతుంది. వానలోంచి ఆ 12 తీసి వర్గం చేయండి. దాన్ని వాన, 59.6లో 80 శాతం కలిపిన మొత్తంతో భాగించండి. 52.5 మిల్లీమీటర్లు వస్తుంది. 6 ఎకరాలకు దాదాపు 1,276 ఘనపు మీటర్లు, అంటే 12 లక్షల 76 వేల లీటర్లు.

ఇప్పుడు అదే వాన అక్టోబరులో, రెండు రోజుల ముసురు తర్వాత పడిందనుకోండి. తడి నేలకు ఆ 81 కాస్తా 91 అవుతుంది. పారే నీరు 75 మిల్లీమీటర్లకు, అంటే దాదాపు 1,820 ఘనపు మీటర్లకు పెరుగుతుంది. వాన అంతే, చేను అదే, నీరు మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు. మన తీరంలో పెద్ద వానలు తరచూ తడి నేల మీదే పడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2021 సెప్టెంబరు చివర గులాబ్, రెండూ నైరుతి వానల చివరి రోజుల్లో వచ్చినవే. అందుకే కాలువ కొలతకు తడి నేల అంకెనే తీసుకోమంటాను. పొడి నేల అంకెతో వేసిన కాలువను ఈ జిల్లాలో నేను ఒప్పుకోను.

గరిష్ఠ ప్రవాహానికి సులువైన సూత్రం ఉంది. పారక గుణకం (పడిన వానలో పారిపోయే వంతు), గంటకు మిల్లీమీటర్లలో వాన తీవ్రత, హెక్టార్లు, ఈ మూడింటినీ గుణించి 360తో భాగించండి. సెకనుకు ఘనపు మీటర్లు వస్తాయి. తీవ్రత గంటకు 60 మిల్లీమీటర్లు, గుణకం 0.5 అయితే సెకనుకు సుమారు 200 లీటర్లు, గుణకం 0.7 అయితే 280 లీటర్లు. ఈ రెండు అంకెలూ గోడ మీద రాసిపెట్టుకోండి.

5. స్విమ్ తెరిచి, అన్నిటికంటే ముందు ప్రమాణాలు మార్చండి

స్విమ్ తెరవగానే ప్రవాహ ప్రమాణం సెకనుకు ఘనపుటడుగులుగా ఉంటుంది. అప్పుడు విస్తీర్ణం ఎకరాల్లో. దాన్ని ఎల్‌పీఎస్‌కు, అంటే సెకనుకు లీటర్లకు మారిస్తే విస్తీర్ణం హెక్టార్లలోకి మారుతుంది. మనం ఎకరాల్లో ఆలోచిస్తాం కాబట్టి 6 అని కొట్టేస్తాం. సాఫ్ట్‌వేర్ దాన్ని 6 హెక్టార్లుగా, అంటే దాదాపు 15 ఎకరాలుగా చదువుతుంది. ఫలితం రెండున్నర రెట్లు అవుతుంది.

ఇంకొక సంగతి. ప్రమాణం మార్చినంత మాత్రాన ముందుగా ఉన్న అంకెలు వాటంతటవే మారవు. అంగుళాల్లో 0.05గా ఉన్నది మిల్లీమీటర్లలోనూ 0.05గానే మిగులుతుంది. కాబట్టి ఖాళీ ఫైలులో మొదట ప్రమాణం మార్చి, ఆ తర్వాతే గీయడం మొదలుపెట్టండి.

ఆప్షన్లలో ఇంకుదల పద్ధతిగా కర్వ్ నంబర్, ప్రవాహ పద్ధతిగా డైనమిక్ వేవ్ ఎంచుకోండి. పారకం లెక్కకు ఒక నిమిషం, కాలువ లెక్కకు ఐదు సెకన్లు, ఫలితాల నమోదుకు ఒక నిమిషం పెట్టండి. వాన ఆగిన తర్వాత కూడా కనీసం మూడు గంటలు నడిచేలా ముగింపు సమయం ఇవ్వండి. లేకపోతే వరద మధ్యలోనే లెక్క ఆగిపోతుంది.

6. వాన ఇవ్వండి

భారత వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ, ఆపైన అత్యంత భారీ. ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర వరకు అక్కడ ఒక రోజు. పత్రికలో వచ్చే అంకె ఆ రోజు మొత్తానిది. మీ గట్టును తెంచేది మాత్రం అందులోని అరగంట. అందుకే వానను పావుగంట ముక్కలుగా ఇవ్వాలి.

పై ఉదాహరణకు నేను ఇచ్చే వరుస, మిల్లీమీటర్లలో: 3, 4, 5, 7, 10, 15, 15, 14, 10, 8, 5, 4. మొత్తం 100. మీ దగ్గర గంటగంటకు నమోదైన నిజమైన వాన లెక్క ఉంటే ఇది పక్కనపెట్టి అదే వాడండి.

రెయిన్ గేజ్‌లో వాన రూపం అని ఒక గడి ఉంటుంది. పై అంకెలకు అక్కడ వాల్యూమ్ అని ఉండాలి. ఇంటెన్సిటీ అని వదిలేస్తే, 15 మిల్లీమీటర్లను సాఫ్ట్‌వేర్ గంటకు 15గా చదివి ఆ పావుగంటలో మూడున్నర చిల్లరే కురిపిస్తుంది. వాన నాలుగో వంతుకు పడిపోతుంది, పారకం దాదాపు ఉండదు. "మా చేలో వరదే రాదని కంప్యూటర్ చెప్పింది" అని సంతోషపడేవారిలో చాలామందికి జరిగేది ఇదే. విరామం గడిలో పావుగంట ఉందో లేదో కూడా చూసుకోండి.

7. చేలను గీసి ఒకదానికొకటి కలపండి

ప్రతి భాగాన్నీ ఒక సబ్‌క్యాచ్‌మెంట్‌గా గీయండి. పేర్లు ఎగువ1, ఎగువ2, మాది అని అర్థమయ్యేలా ఉండాలి. వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయండి. ఒకే పేరు చేనుకూ, కాలువ ముక్కలు కలిసే కూడలికీ పెట్టవద్దు. తర్వాత ఈ గడులు నింపండి.

విస్తీర్ణం హెక్టార్లలో. పైన చెప్పిన జాగ్రత్త మరచిపోకండి.

విడ్త్ అనే గడి అందరినీ తికమక పెడుతుంది. అది చేను వెడల్పు కాదు. విస్తీర్ణాన్ని, నీరు నేల మీద పరుచుకొని పారే పొడవుతో భాగించగా వచ్చేది. 24,282 చదరపు మీటర్ల చేలో నీరు 150 మీటర్లు పారి కాలువలో పడితే, విడ్త్ 162 మీటర్లు. పారే పొడవును 150 మీటర్లకు మించి ఇవ్వవద్దు. అంతకంటే దూరం నీరు పలచగా పరుచుకొని పారదు. ఏదో ఒక చాలులో చేరుతుంది.

వాలు శాతంలో ఇవ్వాలి. 3 శాతమైతే 3 అని కొట్టాలి, 0.03 అని కాదు.

నీరు ఇంకని భాగం శాతం ముందుగా 25గా ఉంటుంది. చేనుకు అది సున్నా, లేదా బండరాయి, రేకుల షెడ్డు ఉంటే ఒకటి రెండు శాతం.

నేల గరుకుదనం: పంట లేని నున్నని దుక్కికి 0.05, పంట మోళ్ళు కొద్దిగా ఉన్న సాగు నేలకు 0.06, బాగా ఉంటే 0.17, దట్టమైన గడ్డికి 0.24, పొదలు తక్కువగా ఉన్న తోటకు 0.4.

గుంటల్లో నిలిచే నీరు: కర్వ్ నంబర్ పద్ధతి ఎంచుకున్నప్పుడు నాలుగో అడుగులో పారకానికి ముందే తీసేసిన ఆ ఐదో వంతును స్విమ్ విడిగా తీసేయదు. కాబట్టి పొడి నేలకు ఇక్కడ 12 మిల్లీమీటర్లు, తడి నేలకు 5 ఇవ్వండి. దీన్ని వదిలేస్తే కాగితం లెక్కకూ దీనికీ పొంతన కుదరదు.

గట్లు కట్టిన వరి మడి అయితే సంగతి వేరు. ఆరంగుళాల గట్టున్న మడి 150 మిల్లీమీటర్ల నీటిని ఆపుకోగలదు. అలా అని 150 రాసేయకండి. నాట్లు పడ్డాక మడిలో నీరు ఉండనే ఉంటుంది. గట్టు ఎత్తులోంచి నిలవ నీటి మట్టం తీసేయగా మిగిలిన ఖాళీ మాత్రమే రాయండి.

ఇక అసలు మెలిక అవుట్‌లెట్ గడిలో ఉంది. ఎగువ చేను నీరు మీ చేను మీద పరుచుకుంటే, ఎగువ చేను అవుట్‌లెట్‌గా మీ చేను పేరు రాయాలి. గండి దగ్గర నేరుగా కాలువలో పడితే ఆ కూడలి పేరు రాయాలి. మొదటి దానిలో ఎగువ నీరు మీ నేలలో కొంత ఇంకుతుంది, రెండో దానిలో ఇంకదు. వానలో నడిచినప్పుడు చూసినదాన్ని బట్టి నిర్ణయించండి.

8. కాలువ, తూము, చివర నీరు చేరే చోటు

కాలువ గీసినప్పుడు పొడవు 400 అని ముందే నింపి ఉంటుంది. పటం మీద ఎంత చిన్నదిగా గీసినా అది మారదు, పొడవు దానంతట అదే లెక్కించే ఆటో-లెంగ్త్ ఆన్ చేస్తే తప్ప. టేపుతో కొలిచిన పొడవు మీరే కొట్టండి. గరుకుదనం కూడా 0.01గా ఉంటుంది, అది నున్నని గొట్టానికి తగినది. శుభ్రమైన మట్టి కాలువకు 0.03 పెట్టండి.

ఈ ఒక్క అంకెకు ఎంత బలముందో చూడండి. అడుగున 30 సెంటీమీటర్లు, లోతు 40, పక్కలు ఒకటికి ఒకటి వాలు, నిలువు వాలు 1 శాతం ఉన్న మట్టి కాలువ శుభ్రంగా ఉంటే నిండుగా సెకనుకు దాదాపు 315 లీటర్లు మోస్తుంది. అదే కాలువలో తుంగ, గడ్డి పెరిగి గరుకుదనం 0.08 అయితే 118 లీటర్లే మోస్తుంది. మన గోడ మీద రాసుకున్న 200 కూడా పట్టదు. కాబట్టి నమూనాను రెండుసార్లు నడపండి, ఒకసారి 0.03తో, ఒకసారి 0.08తో. ఏటా తొలకరికి ముందు కాలువ చెక్కించే ఓపిక లేదనుకుంటే రెండో అంకెకే కాలువ వేయండి.

బాట కింద తూము గొట్టం ఉంటే అదీ గీయాలి. 1 శాతం వాలులో 300 మిల్లీమీటర్ల సిమెంటు గొట్టం నిండుగా 97 లీటర్లు, 450ది దాదాపు 285 లీటర్లు మోస్తాయి. కాలువ వెడల్పుగా తవ్వి, బాట కింద పాత సన్న గొట్టం అలాగే వదిలేయడం ఈ వైపు ఎక్కడ చూసినా కనిపిస్తుంది. నీరు ఆ గొట్టం దగ్గరే ఆగి, బాట మీదుగా పొంగుతుంది.

చివరి కూడలి చెరువులో కలిస్తే దాన్ని ఫ్రీ అని వదలవద్దు. చెరువు నిండినప్పటి నీటి మట్టాన్ని ఫిక్స్‌డ్‌గా ఇవ్వండి. భీమిలి దగ్గర గోస్తనీ చివరి పల్లాల్లో అయితే సముద్రపు పోటు మట్టం ఇవ్వాలి. దిగువ నీరు నిలిచినప్పుడు మీ కాలువ ఎంత వెడల్పున్నా నీరు వెనక్కే తన్నుతుంది. ఫ్రీ అని పెడితే నమూనా ఈ సంగతే చెప్పదు.

9. నడిపి, స్టేటస్ రిపోర్టు చదవండి

రంగురంగుల గ్రాఫు ముందు చూడకండి. రిపోర్టులో కంటిన్యుటీ ఎర్రర్ అనే అంకె చూడండి, వచ్చిన నీటికీ లెక్క తేలిన నీటికీ మధ్య తేడా అది. పారకానికీ ప్రవాహానికీ విడివిడిగా ఉంటుంది. 2 శాతం లోపు ఉంటే సరే. 10 దాటితే ఆ ఫలితాన్ని ఎవరికీ చూపించకండి. కాలువ లెక్క విరామాన్ని ఒక సెకనుకు తగ్గించి, మరీ పొట్టి కాలువలేమైనా ఉన్నాయేమో చూసి మళ్ళీ నడపండి.

తర్వాత సబ్‌క్యాచ్‌మెంట్ పట్టిక. మొత్తం వాన 100 అని ఉందా? ఎగువ చేను పారకం పొడి నేలకు 52 దరిదాపుల్లో ఉందా? సాఫ్ట్‌వేర్ లెక్క విధానం కొద్దిగా వేరు కాబట్టి రెండు మూడు మిల్లీమీటర్ల తేడా సహజం. మీ చేను వరుసలో రన్-ఆన్ అనే నిలువు గడి సున్నా ఉంటే, పైచేను మీ చేనుకు కలవనే లేదు. ఏడో అడుగుకు వెళ్ళి అవుట్‌లెట్ సరిచేయండి. గరిష్ఠ ప్రవాహం సెకనుకు 150 నుంచి 400 లీటర్ల మధ్య వస్తే నమ్మదగినదే. 30 వచ్చినా 2,000 వచ్చినా వాన రూపం, ఎకరాలు, వాలు, ఈ మూడింటిలో ఒకటి తప్పింది.

కూడలి పొంగు పట్టికలో ఏదైనా పేరు కనిపిస్తే అక్కడ గట్టు దాటి నీరు పోతోందని అర్థం. మామూలు అమరికలో స్విమ్ ఆ పొంగిన నీటిని లెక్కలోంచి తీసేస్తుంది, దిగువకు చేర్చదు. అందువల్ల ఎగువన పొంగుతుంటే దిగువ కాలువ చాలినట్లు కనిపిస్తుంది. మొదటి పొంగు సరిచేసి మళ్ళీ నడపండి, రెండోది అప్పుడు బయటపడుతుంది.

కాలువల పట్టికలో వేగం కూడా చూడాలి. ఇసుక గరప నేలలో గడ్డి లేని కాలువ సెకనుకు అర మీటరు నుంచి ముప్పావు మీటరు వేగం దాటితే కోసుకుపోవడం మొదలవుతుంది. మన ఉదాహరణ కాలువ నిండుగా పారితే వేగం 1.1 మీటర్లు. అంటే నీరు పడుతుంది, నేల నిలవదు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలను నీరు ఎంత లోతుగా కోసిందో చూసినవారికి ఈ నేల స్వభావం వేరే చెప్పనక్కర్లేదు. కాలువను వెడల్పు చేసి లోతు తగ్గించడం, మధ్యమధ్య రాతి అడ్డుకట్టలతో మెట్లుగా దించడం, లేదా గడ్డి పెంచి గరుకుదనం పెంచుకొని ఆ మేరకు పెద్దగా తవ్వడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి చేయాలి.

10. వానతో సరిచూసుకోండి

వచ్చే మంచి వానకు డబ్బాలో నీటిని పావుగంటకోసారి కొలవండి. గండి దగ్గర, పది మీటర్లు తిన్నగా ఉన్నచోట ఒక ఎండు కొబ్బరి ముక్కను వదిలి, ఎన్ని సెకన్లలో దాటుతుందో చూడండి. పైనీటి వేగాన్ని 0.85తో గుణించి, నీరు పారే అడ్డుకోత వైశాల్యంతో గుణిస్తే ప్రవాహం వస్తుంది. ఆ వాననే స్విమ్‌కు ఇచ్చి నడిపి రెండూ పోల్చండి.

తేడా ఉంటే అన్ని అంకెలూ ఒకేసారి కదపవద్దు. మొత్తం నీరు తక్కువో ఎక్కువో అయితే కర్వ్ నంబరు మార్చండి. నీరు సరిగ్గానే ఉండి, ముందుగానో ఆలస్యంగానో వస్తే విడ్త్, నేల గరుకుదనం మార్చండి. వాలు మాత్రం మీరు కొలిచినది, దాన్ని ముట్టుకోకండి. 20 శాతం లోపు తేడాకు వచ్చాక ఆపేయండి. చేల లెక్కకు అంతకంటే దగ్గరగా రావాలని చూడటం వృథా శ్రమ.

11. ఎగువ చేను లేఅవుట్ అయితే

ఆనందపురం, భీమిలి దారుల్లో ఈ ప్రశ్న ఇప్పుడు ఎక్కువైంది. ఫైలు ఇంకో పేరుతో దాచుకొని, ఎగువ భాగంలో నీరు ఇంకని శాతాన్ని 50 చేసి నడపండి. కాగితం లెక్కలో పొడి నేల మీద 1,276 ఘనపు మీటర్లు ఉన్నది 1,730 దాటుతుంది. నీరు ఇంకా త్వరగా వస్తుంది కాబట్టి గరిష్ఠ ప్రవాహమూ పెరుగుతుంది. రోడ్లు వేయకముందే ఈ రెండు గ్రాఫులు పట్టుకొని వెళ్ళి మాట్లాడండి; వాననీటి కాలువ ఎటు వదులుతారో అప్పుడే తేల్చుకోవాలి. గెడ్డ పోరంబోకు మీద ఏ పనైనా ఉంటే నీటిపారుదల ఇంజినీర్లకు చూపకుండా ముందుకు వెళ్ళవద్దు.

12. దిగువ రైతును కూడా గీయండి

మీ కాలువ పూర్తయ్యాక నీరు ఎవరి చేలో పడుతుందో ఆ చేనునూ నమూనాలో చేర్చండి. కాలువ లేనప్పుడు ఆయన గట్టు దగ్గర గరిష్ఠ ప్రవాహం ఎంత, ఉన్నప్పుడు ఎంత, రెండుసార్లు నడిపి రాసుకోండి. పెరిగిందంటే కాలువ చివర నీటికుంట కావాలి. పైన 20 మీటర్ల చదరం, లోతు 2, పక్కలు ఒకటిన్నరకు ఒకటి వాలుతో తవ్విన కుంట సుమారు 580 ఘనపు మీటర్లు పడుతుంది. దాన్ని స్టోరేజ్ కూడలిగా గీసి, ఒకసారి ఖాళీగా, ఒకసారి సగం నిండినట్లు నడపండి. సగం నిండినప్పుడు కూడా దిగువ ప్రవాహం పాత అంకెను దాటకపోతే తవ్వకం మొదలుపెట్టవచ్చు. దాటితే కుంటలోంచి బయటికి వదిలే గొట్టం సన్నం చేసి మళ్ళీ నడపండి.